పదో నంబరు స్టోరు

ఈ కథలో ఆవగింజంత కల్పన కూడా లేదు. తర్వాత ఎవరూ అనుమానపడకుండా ముందే చెప్పేస్తున్నాను. కథలు చెప్పేవాళ్లలో సగం మంది చూసింది చెప్పరు, మిగతా సగం మంది విన్నది చెప్పరు. నేను చూసిందీ విన్నదీ పక్కపక్కన పెట్టుకుని, మూడోసారి వాకబు చేసి మరీ చెబుతాను. కాబట్టి కూర్మన్నపాలెం సింహాద్రి సంగతి ఉన్నది ఉన్నట్టుగా వినండి.

ఆ సోమవారం పొద్దున సింహాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవడం, కాఫీ తాగడం, తొమ్మిదిన్నరకు ఎర్రమెట్ట బయల్దేరడం, పదకొండింటికి ఆఫీసరమ్మ ముందు నిలబడి నాలుగు మంచి మాటలు అనిపించుకోవడం, వచ్చేటప్పుడు కిలో రొయ్యలు పట్టుకురావడం. వీటన్నిటిలోనూ కష్టమైన పని మంచి రొయ్యలు ఏరుకోవడమేనని ఆయన అంచనా.

సింహాద్రి ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి రిటైరయినవాడు. ఆయన చేతుల మీదుగా ఒక్క నట్టు కూడా ఇండెంటు, అంటే ఫలానా సరుకు కావాలని సంతకం పెట్టి అడిగే కాగితం, లేకుండా గుమ్మం దాటలేదు. ఒకసారి గదిలో చిన్న మంట పుడితే, ఆర్పే సిలిండరు తీసుకోవడానికి కూడా ఇండెంటు రాయించాడనీ, కాగితం మీద రెండో సంతకం పడేలోగా విసుగెత్తి మంటే ఆరిపోయిందనీ ఆయన బావమరిది అర్జునరావు చెబుతాడు. అయితే అర్జునరావు పోర్టులో క్రేను నడిపినవాడు. స్టీలువాళ్ల గురించి పోర్టువాళ్లు చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలి. సగం తీసేసినా సింహాద్రి సంగతి అలాగే ఉంటుంది.

సింహాద్రి మతానికి మూడే సూత్రాలు. పాత సరుకు ముందు పోవాలి, కొత్తది వెనక పోవాలి. సంతకం లేని సరుకు బయటికి పోకూడదు. పోయిన ప్రతి సరుకు మీదా స్టోరు చిరునామా ఉండాలి, ఎందుకంటే అది ఏ మూల తిరుగుతున్నా ఎవరికి జవాబు చెప్పుకోవాలో దానికి తెలిసుండాలి. రిటైరయ్యాక ఈ మూడు సూత్రాలూ వంటింట్లో అమలు చెయ్యబోతే భార్య పైడితల్లి ఒప్పుకోలేదు. కందిపప్పు డబ్బాకి అంటించిన చీటీని పీకి ఆయన చేతిలోనే పెట్టింది. అందుకని ఆయన కంప్యూటర్లు నేర్చుకోవడానికి వెళ్లాడు.

గాజువాకలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసే మిరియం శనివారాలు పెద్దవాళ్లకి కంప్యూటరు పాఠాలు చెప్పేది. మొదటి వారం ఇరవై ముగ్గురు వచ్చారు. ఆరో వారానికి సింహాద్రి ఒక్కడే మిగిలాడు. ఆ కాలేజీ తన దగ్గరి పాత కంప్యూటర్లు పన్నెండు ఎర్రమెట్ట మత్స్యకార మహిళల సంఘానికి ఇచ్చింది. ఎర్రమెట్ట సముద్రం ఒడ్డున ఉన్న చేపల పల్లె. కంప్యూటర్లయితే ఇచ్చారు గానీ, వాటి లోపలి డిస్కులు ఎప్పుడో చచ్చిపోయాయి. ఇంటర్నెట్టు ఆ ఊరికింకా రాలేదు.

సంఘానికి ప్రెసిడెంటు గంగాలమ్మ. పడవ కాగితానికో, రేషను కార్డులో పేరు దిద్దుకోవడానికో ఊళ్లో ఆడవాళ్లు దరఖాస్తు రాయించుకోవడం కోసం రోజంతా ఎవరి గుమ్మం ముందో కూర్చోవాల్సి వస్తోందనీ, మా దరఖాస్తులు మేమే రాసుకుంటామనీ రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, తుపాను షెల్టరు మేడ మీద ఒక గది సంపాదించింది. ఆ గది కోసం ఐసుపెట్టెల వ్యాపారి కూడా కాచుకుని ఉన్నాడు. సోమవారం పదకొండింటికి ఆఫీసరమ్మ వచ్చేసరికి కంప్యూటర్లు నడుస్తూ ఉంటే గది సంఘానిది. లేకపోతే ఐసుపెట్టెలది. ఆ కంప్యూటర్లను లేపే పని సింహాద్రి తన మీద వేసుకున్నాడు.

"పెన్‌డ్రైవులతో నడిపించీవచ్చు అంకుల్," అంది మిరియం. "లైవ్ సిస్టం అంటారు. కంప్యూటరుకి కావలసిందంతా పెన్‌డ్రైవులోనే ఉంటాది. గుచ్చితే లేస్తాది, పీకితే పడుకుంటాది. లోపల డిస్కుతో పనే లేదు. కాపోతే మనకి కావలసినట్టు తయారు చేసుకోడానికి ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాముల మూటలు, పద్దెనిమిది వందల దాకా దింపుకోవాలి. ఒక్కసారికి కుదరదు, పదిసార్లు చేసి చూడాలి. మీ ఇంట్లో నెట్టు ఎలా ఉంటాది?"

"గాలేస్తే పోతాదమ్మా."

"మరింకేం. ఒక్కసారి అన్నీ దింపీసి మీ మెషిన్లోనే ఒక డిస్కులో పెట్టుకోండి. ఎన్నిసార్లు తయారు చేసినా బయటికి పోనక్కర్లేదు, అందులోంచే తీసుకుంటాది. లోకల్ రిపాజిటరీ అంటారు."

"అంటే స్టోరు."

"అలాంటిదే అంకుల్."

"అలాంటిదేటమ్మా, అదే."

ఆ తర్వాత మూడు వారాలు సింహాద్రి మళ్లీ ఉద్యోగంలో చేరినట్టే తిరిగాడు. హాల్లో బల్ల మీద మెషిను, దానికి డిస్కు, డిస్కు నిండా ప్యాకేజీలు. ఏ ప్యాకేజీ ఉందో రాసుకునే సూచీ ఒకటి ఉంటుందనీ, డిస్కులో సరుకు ఉన్నా సూచీలో పేరెక్కకపోతే కంప్యూటరు 'లేదు' అనేస్తుందనీ తెలిసినప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా తను చెబుతూ వచ్చిందీ అదే. సూచీ మీద స్టోరువాళ్ల సంతకం లేకపోతే సరుకు ముట్టుకోదని తెలిసినప్పుడు పైడితల్లిని పిలిచి మరీ చూపించాడు. ఆవిడ చూసి, "నీలాంటోళ్లు ఇంకా ఉన్నారన్నమాట," అని లోపలికి వెళ్లిపోయింది.

మిరియం ఒక శనివారం కొత్త ప్యాకేజీలు కూడా తెచ్చి ఇచ్చింది. సింహాద్రి వాటిని రిజిస్టరు చేసి, సంతకం పెట్టి, వెనక వరుసలో పెట్టేశాడు.

"కొత్తవి ఉండగా పాతవి ఎందుకు ఎక్కిస్తున్నారు అంకుల్?"

"పాత సరుకు ముందు."

"ఇది సిమెంటు కాదండీ, గడ్డకట్టీదానికి."

"సూత్రం సూత్రమేనమ్మా."

ఆమె వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్క మాట అంకుల్. అంతా అయ్యేక మీ స్టోరు అడ్రసు పెన్‌డ్రైవుల్లోంచి తీసీయండి. ఇంట్లో తీగ మీద మీ మెషినుకి డోరు నంబరు పది. అది తియ్యకపోతే, ఎర్రమెట్ట ఎల్లినా అవి పదో నంబరు మెషిను కోసమే వెతుక్కుంటాయి."

"వెతుక్కోవాలి కదా."

"వెతుక్కోకూడదు అంకుల్."

"సరే."

స్టోర్సు భాషలో 'సరే' అంటే ఇండెంటు అందింది అని మాత్రమే అర్థం. సరుకు ఇస్తామని కాదు. మిరియం ఎప్పుడూ స్టోర్సులో పనిచేయలేదు కాబట్టి నిశ్చింతగా వెళ్లిపోయింది.

సింహాద్రి చిరునామా తియ్యలేదు. తియ్యకపోగా దానికి ఇంకొకటి తగిలించాడు. పెన్‌డ్రైవు గుచ్చగానే కంప్యూటరు ముందుగా పదో నంబరు తలుపు తట్టి, స్టోరుకి హాజరు వేయించుకుని, ఆ తర్వాతే తెర తెరుస్తుంది. ఒకవేళ స్టోరు పలక్కపోతే ఏం చెయ్యాలో చెబుతూ చక్కటి తెలుగులో ఒక నోటీసు రాశాడు. పన్నెండు పెన్‌డ్రైవులనూ ఇంట్లోనే, ఆ బల్ల పక్కనే, తన మెషినుకి తీగతో కలిపిన కంప్యూటరులో గుచ్చి చూశాడు. పన్నెండూ హాజరు వేయించుకున్నాయి, పన్నెండూ తెరుచుకున్నాయి. ఆదివారం తనే వెళ్లి గంగాలమ్మ చేతికిచ్చి, పుచ్చుకున్నట్టు సంతకం తీసుకుని వచ్చాడు.

సోమవారం పొద్దున్న ఏడింటికి, కాఫీ సగంలో ఉండగా ఫోను మోగింది.

"బాబూ, నాను గంగాలమ్మని. మీ స్టోరు మూసీసేరేటి?"

"ఏ స్టోరు?"

"ఏటో మరి. పన్నెండు డబ్బాల మీదా అదే రాసుంది. సదువుతాను ఇనండి. 'స్టోరు పలుకుట లేదు. తగిన ఇండెంటుతో, అధ్యక్షుల సంతకముతో, స్టోర్‌కీపరును స్వయముగా కలవవలెను. పి. సింహాద్రి, రామాలయం వెనక వీధి, కూర్మన్నపాలెం.' కిందన ఈ ఫోన్ నంబరుంది. అందుకే సేసేను."

సింహాద్రికి ముందు కలిగినది సంతోషమే. తను రాసిన నోటీసు పన్నెండు చోట్ల ఒక్కసారిగా వెలగడం ఆయన జీవితంలో ఎన్నడూ జరగలేదు.

"అచ్చుతప్పులేవీ లేవు కదా?"

"లేవు బాబూ. అచ్చరాలు సక్కగున్నాయి. డబ్బాలే తెరుసుకోలేదు. సరే, ఒచ్చెత్తన్నాం."

"ఎక్కడికి?"

ఫోను అప్పటికే పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. చదువుకున్న ఊరయితే నోటీసు చూసి తిట్టుకుని ఊరుకునేది. ఎర్రమెట్టవాళ్లు తెర మీద వాన అని రాస్తే వలలు తడవకుండా సర్దుకునే మనుషులు. స్వయంగా కలవమని రాసుంది కాబట్టి బయల్దేరారు.

ఎనిమిదింటికి చేపల వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. గంగాలమ్మ, వెనక ఆరుగురు ఆడవాళ్లు దిగారు. అప్పటికి అర్జునరావు పేపరు చదువుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వ్యానును పైనుంచి కిందకి చూసి లోపలికి కేక వేశాడు.

"బావా, నీ స్టోరుకి పార్టీ ఒచ్చీసింది. మా పోర్టులో అయితే ఓడ రేవుకొస్తాది. మీ స్టీలోళ్లకి రేవే ఇంటికొచ్చీసిందేటి?"

గంగాలమ్మ లోపలికి వచ్చి, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం సింహాద్రి చేతికిచ్చింది. 'మహారాజశ్రీ స్టోరు బాబు గారికి, కంప్యూటరు డబ్బాలు తెరుచుకొనుటకు ఏమి కావలెనో అది పన్నెండు ఇప్పించవలెను.' కింద ఆమె సంతకం, ఆరుగురి వేలిముద్రలు. సింహాద్రి కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"తేదీ వెయ్యలేదు," అన్నాడు.

పైడితల్లి ఉప్మా గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఈ రోజే బాబూ," అంది గంగాలమ్మ మెల్లగా. "పదకొండు కొడితే ఆ గది ఉండదు. రెండేళ్లు తిరిగేను. సెప్పులు మూడు జతలు అరిగిపోయేయి. ఆ ఐసుపెట్టెలోడు కింద పాక వేసుకుని కాసుక్కూసున్నాడు. తేదీ నానే వేసుకుంటాను, కలం ఇవ్వండి."

అప్పుడు సింహాద్రికి పొగడ్తలు, రొయ్యలు రెండూ ఒక్కసారే కళ్లముందు నుంచి పోయాయి. మిరియంకి ఫోను చేశాడు.

"అడ్రసు తీసేరా అంకుల్?" అదీ ఆమె మొదటి మాట.

"స్టోరు అడ్రసు లేకుండా సరుకు..."

"తియ్యలేదు. సరే. అవన్నీ ఇప్పుడు పదో నంబరు కోసం చూస్తన్నాయి, అది మీ హాల్లో ఉంది. స్టోరు పలక్కపోయినా తెరుచుకునే ఏర్పాటేదైనా పెట్టేరా?"

"స్టోర్సులో దొడ్డిదారి ఉండదమ్మా."

"అయితే రెండే మార్గాలు. పన్నెండూ మళ్లీ తయారు చెయ్యాలి, నాలుగు గంటలు పడతాది. లేదంటే మీ స్టోరునే ఎర్రమెట్ట పట్టుకెళ్లి, అక్కడి తీగలకి కలిపి, అదే పదో నంబరుతో కూసోబెట్టాలి. నాకు పరీక్షల డ్యూటీ ఉంది, పదకొండున్నర దాకా కదల్లేను. ఫోన్లో ఉంటాను."

స్టోరు కదలడం అనే మాట సింహాద్రి సర్వీసులో ఎన్నడూ వినలేదు. అయినా కదిలింది. మెషినును వ్యానులో ఐసు మూట పక్కన, యూపీఎస్‌ను ఖాళీ తట్టలో, డిస్కును పైడితల్లి పాత చీరలో చుట్టి సింహాద్రి ఒళ్లో పెట్టారు. తెర పట్టుకోవడానికి అర్జునరావు ఎక్కాడు.

"నీకెందుకు బావా?" అన్నాడు సింహాద్రి.

"ఇది నాను సూడకపోతే పోర్టులో ఎవుడూ నమ్మడు."

పైడితల్లి గుమ్మంలోంచి బోసిపోయిన బల్లను చూసింది. "తమ్ముడా, సాయంత్రం దాకా రారు కదా. ఇక్కడ గ్రైండరు పెట్టుకుంటాను," అంది. సింహాద్రి ఏదో అనబోయాడు గానీ వ్యాను కదిలింది.

దారిలో గంగాలమ్మ ఒక్కసారి మాట్లాడింది. "ఆ మూటలో ఉన్నదాన్నా బాబూ మా డబ్బాలు రేత్తిరి నుంచీ పిలుత్తున్నాయి?"

"దీన్నే."

"పాపం," అంది. కంప్యూటర్లనో, ఆయన్నో తెలియలేదు.

పదీ నలభైకి షెల్టరు మేడ మీదికి చేరారు. పన్నెండు కంప్యూటర్లు గోడవారగా బల్లల మీద వరసగా కూర్చుని పన్నెండు నోటీసులు చూపిస్తున్నాయి. గోడకి తగిలించిన చిన్న పెట్టెలోంచి వాటికి తీగలు వెళ్లాయి. సింహాద్రి తన మెషినును ఆ పెట్టెకి కలిపి, పదో నంబరు ఇచ్చి, నిటారుగా నిలబడ్డాడు. అంతటితో ఆగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

పెట్టె పక్కన ఒక నీలం తీగ ఊడి వేలాడుతోంది. దాని మీద మూడేళ్ల దుమ్ము ఉంది. దాన్ని ఆనుకుని ఖాళీ రంధ్రం ఒకటి ఉంది. ఊడిన తీగను, ఖాళీ రంధ్రాన్ని ఒకేచోట చూసి ఊరుకోవడం స్టోర్‌కీపరు వల్ల కాదు. జేబురుమాలుతో తీగ తుడిచి, రంధ్రంలో పెట్టాడు. టిక్కుమంది. ఆ చిన్న చప్పుడుకి ఆయనకి మనసు నిమ్మళించింది.

"ఇప్పుడు పన్నెండూ ఆపి, ఒక్కసారే వెయ్యండి," అన్నాడు.

వేశారు. పన్నెండు కంప్యూటర్లూ లేచి, హాజరు కోసం పదో నంబరు తలుపు తట్టాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ షెల్టరులో పదో నంబరు ఇల్లు అప్పటికే ఒకటి ఉంది. మేడ పైన బిగించిన తుపాను సైరనుది. మూడేళ్ల కిందట గదిలో ఫ్యాను పెట్టినప్పుడు అడ్డమొస్తోందని ఎవరో దాని తీగ పీకేశారు. ఆ నీలం తీగ అదే. ఒకే వీధిలో రెండిళ్లకి ఒకే డోరు నంబరు ఉంటే ఉత్తరం ఏ ఇంటికి పోతుందో పోస్టుమాను ఇష్టం. ఆ పూట పోస్టుమాను సైరను వైపు మొగ్గాడు. పన్నెండు మంది గుమ్మం మీద పడి, ఆపకుండా, ఒకరి మీద ఒకరు తలుపు బాదితే పెద్ద ఆపద వచ్చిందనుకోవాలని సైరనుకి నేర్పి పెట్టారట. అనుకుంది.

మూడేళ్లు నోరు మూసుకున్న గొంతు అది. మొదట గరగరమని దగ్గింది. ఆ తర్వాత ఎర్రమెట్ట మీద ఆకాశం చిరిగిపోయినట్టు మోగింది. మేడ మీది పావురాలు లేచి కొండవైపు పోయి, ఈ రోజు దాకా తిరిగి రాలేదు. అర్జునరావు షిఫ్టు అయిపోయిందనుకుని చెప్పులేసుకున్నాడు.

ఎర్రమెట్టలో సైరను మోగితే ఏం చెయ్యాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆ ఊరివాళ్లు నోటీసునే అక్షరాలా పాటించే మనుషులు, సైరనును పాటించకుండా ఉంటారా. ఒడ్డున ఉన్న పడవలు ఇసుక మీదికి ఎక్కాయి. ముసలివాళ్లు మంచాలతో సహా లేచారు. కూర కుండలు దిగాయి, పొయ్యిలు ఆరాయి, మేకలు తాళ్లతో సహా మెట్లెక్కాయి. ఒక్కో కంప్యూటరు ముందూ ఒకరు చొప్పున కూర్చున్న సంఘం ఆడవాళ్లు పన్నెండు మందీ, సైరను మోగితే విలువైన కాగితాలు రొంటిన దోపుకోవాలన్న అలవాటు చొప్పున, తమ ముందున్న పెన్‌డ్రైవులు పీకి రొంటిన దోపుకున్నారు. పన్నెండు తెరలూ నల్లబడ్డాయి.

సింహాద్రి ఫోను చెవికి అదిమిపెట్టుకుని అరిచాడు. "అమ్మా మిరియం, ఏదో మోగతంది."

"వినిపిస్తంది అంకుల్. పరీక్ష హాలంతటికీ వినిపిస్తంది. ఇప్పుడు కొత్తగా తీగేదైనా పెట్టేరా?"

"ఊడిపోయుంటే పెట్టేను."

"తీసీయండి."

"ఊడిన తీగ పెట్టడం కూడా తప్పేనా?"

"అంకుల్."

ఆయన గోడ దాకా వెళ్లడానికి దారి లేదు. అప్పటికి గదిలో, వరండాలో, మెట్ల మీద మూడు వందల నలభై మంది, పదకొండు మేకలు ఉన్నాయి. అర్జునరావు తెరను నెత్తిన పెట్టుకుని, "జరగండి, స్టోరుబాబు ఎల్తన్నాడు, జరగండి," అని అరుస్తూ దారి చేశాడు. సింహాద్రి నీలం తీగ పీకాడు. సైరను చల్లారింది. ఆ నిశ్శబ్దంలో మెట్ల మీద నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, కొంచెం జరగండమ్మా. నన్ను పైకి రానివ్వండి."

ఆఫీసరు సుధారాణి. సరిగ్గా పదకొండు. చేతిలో ఫైలు, ఇంకో చేతిలో గడియారం. వెనకాల ఐసుపెట్టెల వ్యాపారి, ముఖం నిండా నవ్వుతో.

గంగాలమ్మ ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఆమె ఖాళీ చేతులు రెండూ కొంగు చివర మెలిపెడుతున్నాయి. సింహాద్రి అది చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన చాలామందిని ఉత్త చేతులతో వెనక్కి పంపాడు గానీ, ఎవరి చేతులూ చూడలేదు.

"సైరను ఎవరు మోగించారు?" అంది సుధారాణి.

సింహాద్రి ముందుకొచ్చాడు. "తప్పు నాదేనమ్మా," అన్నాడు. "అడ్రసు తియ్యమని చెప్పినా తియ్యలేదు. ఊడిన తీగ పెట్టేను. ఈళ్లకేటీ తెలీదు. గది మాత్రం ఆళ్ల దగ్గర్నుంచి తీసుకోకండి."

సుధారాణి ఫైలు తెరిచింది. "మూడేళ్లు. ఈ సైరను మోగడం లేదని పద్నాలుగు ఉత్తరాలు రాశాను. ఇద్దరు వచ్చి చూశారు, ఒకాయన కొత్తది కొనాలన్నాడు. మీరు బాగు చేశారా?"

"తీగ పెట్టేను."

"అంతేనా?"

"దుమ్ము కూడా తుడిచేను."

ఆమె గడియారం చూసుకుని ఏదో రాసుకుంది. "నేను బీచి మలుపు దగ్గర ఉండగా మోగింది. ఊరంతా పైకి రావడానికి పన్నెండు నిమిషాలు. ఎక్కడా ఇంత తొందరగా ఎక్కరు." తర్వాత వ్యాపారి వైపు తిరిగింది. "ఈ గదిలో మీ ఐసుపెట్టెలు పెడితే ఈ జనం ఎక్కడ నిలబడతారండీ?" వ్యాపారి చుట్టూ చూశాడు. ఒక మేక ఆయన చొక్కా అంచు నములుతోంది.

"మరి కంప్యూటర్లు?" అన్నాడు ఆయన పట్టు వదలకుండా. "ఒక్కటీ ఎలగలేదు కదండీ. నల్లగున్నాయి. అయి కూడా అడ్డమే."

అందరూ నల్లటి తెరల వైపు చూశారు. గంగాలమ్మ చేతులు కొంగు వదిలేశాయి. ఆమె రొంటినుంచి పెన్‌డ్రైవు తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

"నల్లగుండవా మరి. సైరను మోగింది కదమ్మా. తుపానొస్తే డబ్బాలు పోతే పోతాయి. సరుకు మాత్రం మా కాడే ఉంటాది." వెనక్కి తిరిగింది. "గుచ్చండే."

పన్నెండు మంది గుచ్చారు. నీలం తీగ ఊడి ఉంది కాబట్టి ఆ వీధిలో ఇప్పుడు పదో నంబరు ఒక్కటే ఉంది. పన్నెండు కంప్యూటర్లూ సింహాద్రి స్టోరు తలుపు తట్టాయి, హాజరు వేయించుకున్నాయి, తెరుచుకున్నాయి. పన్నెండు తెరల మీద పడవ దరఖాస్తు ఫారం తెలుగులో కనిపించింది. గంగాలమ్మ కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు తనే కొట్టింది. సుధారాణి అది పూర్తయ్యేదాకా నిలబడి చూసి, ఫైలులో సంతకం పెట్టింది. సంతకం కింద తేదీ కూడా వేసింది. సింహాద్రి ఆ తేదీ వైపు ఒక క్షణం ప్రేమగా చూశాడు.

మధ్యాహ్నం మిరియం వచ్చి, సైరనుకి పదకొండో నంబరు ఇచ్చి, దాని తీగ మళ్లీ పెట్టింది. వారంలోగా చిరునామా లేని పెన్‌డ్రైవులు చేసిస్తానంది. ఆఖరుకు ఒక కంప్యూటరు వెనక భాగం తిప్పి, దాని మీది తయారీ సంవత్సరం రెండుసార్లు చదివింది.

"ఏటమ్మా?" అన్నాడు సింహాద్రి భయంగా.

"నాను తెచ్చిన కొత్త ప్యాకేజీలు ఎక్కించుంటే ఈ పాత డబ్బాలు అసలు లేచేవే కావు అంకుల్. వీటి వయసుకి మీ పాత సరుకే సరిపోయింది."

సింహాద్రి బావమరిది వైపు తిరిగాడు. అర్జునరావు ఆ మాట వినబడనట్టు సముద్రంలో ఓడలు లెక్కపెట్టుకుంటున్నాడు.

స్టోరు మళ్లీ కూర్మన్నపాలెం రాలేదు. హాల్లో బల్ల మీద గ్రైండరు స్థిరపడిపోయింది. సింహాద్రే రోజూ పొద్దున్న ఎర్రమెట్ట డ్యూటీకి వెళుతున్నాడు. వచ్చేటప్పుడు రొయ్యలు తెస్తున్నాడు. వాటిని గంగాలమ్మే ఏరి పెడుతుంది.

ఆవగింజంత కల్పన లేదని మొదట్లో అన్నాను. ఆ మాట ఇప్పుడు కాస్త సడలించుకుంటాను. సైరను నిజం, మూడేళ్ల దుమ్ము నిజం, మూడు వందల నలభై మంది నిజం. మేకలు నేను పదకొండు అన్నాను, అర్జునరావు పద్నాలుగంటాడు. సింహాద్రి ముందుకొచ్చి "తప్పు నాదే" అన్నాడని రాశాను చూశారూ, నేను కల్పించింది అదొక్కటే. సైరను ఎవరు మోగించారని ఆఫీసరమ్మ అడిగినప్పుడు ఆయన నిజంగా అన్న మాట, "ఇండెంటు ఏదీ?"